బ్యాటరీని నూలులా కొన్నాం

సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



వేదిక మీదున్న పెద్దలకీ, షోలాపూర్ నుంచీ సేలం నుంచీ యానాం నుంచీ రాత్రంతా రైళ్ళలో కూర్చుని వచ్చిన అన్నదమ్ములకీ, మగ్గం దిగి పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన ఆడపడుచులకీ బరంపురం నేతగాళ్ళ తరపున దండాలు.

మాకు ముందు మాట్లాడిన పెద్దలు పట్టు ధర గురించి, పవర్‌లూమ్ పోటీ గురించి చెప్పారు. అవి పెద్ద సంగతులు. మేము ఒక చిన్న వస్తువు గురించి చెప్తాం. అది ల్యాప్‌టాపు బ్యాటరీ. వెనక వరసలో నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. ఎనిమిదో తరగతితో బడి మానేసి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టినోళ్ళం మేము. మా నోట బ్యాటరీ మాటేటని మాకూ నవ్వొస్తాది. కానీ జానెడు పొడుగు లేని ఆ పెట్టె మా సంఘాన్ని మూడు నెలలు తిప్పింది. ఆ తిప్పటలో మేము తెలుసుకున్నది మీ సంఘాలకీ పనికొస్తాదని చెప్తున్నాం.

ముందు, ఆ ల్యాప్‌టాపులో ఏముందో చెప్పాలి. లేకపోతే ఒక పాత పెట్టె కోసం ఇంత గోల ఎందుకంటారు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మా ఊరికి దగ్గర్లోనే, గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. మా సంఘం ఆఫీసు మీద రేకులు ఎగిరిపోయాయి. అటక మీద కట్టలు కట్టి దాచిన గ్రాఫు కాగితాలు తడిసి ముద్దయిపోయాయి. అవి మా తాతల నాటి అంచులు, కొంగులు. మా ఫొడా కుంభం అంచు, అంటే గుడి గోపురాల వరస, అందులోనే ఎన్ని రకాలో. ఒక్కో వీధి వాళ్ళు ఒక్కో తీరున వేసేవారు. గోపురం కొస ఎన్ని పోగుల దగ్గర తేలాలి, ఎక్కడ విరగాలి అన్నది గ్రాఫు చదరాల్లో ఉండీది. ఆ చదరాలు వేసిన పెద్దలు ఇప్పుడు లేరు. ఎండబెట్టి, ఇస్త్రీ పెట్టి, పేజీలు విడదీసి చూస్తే బతికినవి సగం కూడా లేవు.

ఆ మరుసటి ఏడు సంఘం డబ్బుతో ల్యాప్‌టాపు కొన్నాం. మా సభ్యుడి కొడుకే ఒకడు డిప్లొమా చదివినోడు, రాత్రిళ్ళు కూర్చుని ఆ కాగితాలన్నీ చదరం చదరం చూసి కంప్యూటర్లోకి ఎక్కించాడు. కాగితం చిరిగిన చోట ముసలమ్మల పెట్టెల్లో ఉన్న పాత పెళ్ళి చీరలు తెప్పించి, భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టాడు. అలా 47 అంచులు నిలబెట్టాడు. ఇప్పుడు ఆ కుర్రాడు సూరత్‌లో ఉన్నాడు. మా గంజాం జిల్లా నుంచి సూరత్ వెళ్ళిన వేలమందిలో వాడూ ఒకడు. వాడు వెళ్ళిపోయాడు, వాడి పని ఆ పెట్టెలో ఉండిపోయింది.

దానితోపాటే సభ్యుల చిట్టా, ఎవరికి ఎంత పట్టు ఇచ్చాం, ఎంత జరీ ఇచ్చాం, ఎన్ని చీరలు దించారు, శనివారం కూలి ఎంత అన్న పద్దూ అందులోనే. ఇప్పుడు తెలిసింది కదా ఆ పెట్టె ఏటో. అది మా సంఘం బీరువా.

అలాంటి పెట్టెకి జబ్బు చేసింది. కరెంటు పోయిందంటే చాలు, ఆ క్షణంలోనే ఆరిపోతాది. మా వీధుల్లో ఎండాకాలం కరెంటు ఎన్నిసార్లు పోతాదో మీకు చెప్పక్కర్లేదు. ఒక శనివారం కూలి లెక్క సగం ఎక్కించాక కరెంటు పోయింది. అదే పద్దు మళ్ళీ కొడుతుంటే మళ్ళీ పోయింది. వరసలో నిలబడ్డ ఒక పెద్దమ్మ, భర్త పోయి ఒంటిచేత్తో ఇల్లు నడుపుతున్న మనిషి, "మూడు వారాలు నేసిన చీర లెక్క మాయమైపోతాదేటయ్యా?" అంది. ఆవిడకి ఆ సాయంత్రం కాగితం మీద లెక్కకట్టి కూలి ఇచ్చాం. కానీ ఆవిడ అడిగిన మాట మా కమిటీలో అందరికీ గుచ్చుకుంది.

"కొత్త ల్యాప్‌టాపు కొనీచ్చు కదా" అన్నారు కుర్రాళ్ళు. కొనొచ్చు. నలభై వేలు పెడితే వస్తాది. కానీ మా జాకార్డు డిజైన్ల సాఫ్ట్‌వేర్ పాతది. దానికి యూఎస్‌బీ బొక్కలో పెట్టే తాళంలాంటి ముక్క ఒకటుంది, అది పాత విండోస్ మీదే తెరుచుకుంటాది. కొత్త ల్యాప్‌టాపు కొంటే కొత్త సాఫ్ట్‌వేరూ కొనాలి. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్టు అవుతాది. పైగా పెట్టె బాగానే ఉంది. తెర బాగుంది, మీటలు బాగున్నాయి. మగ్గానికి పన్నె అరిగితే పన్నె మారుస్తాం గానీ మగ్గం పొయ్యిలో పెట్టుకుంటామా?

బ్యాటరీ తీసేసి యూపీఎస్ మీద నడుపుకోమని ఇంకొకరు సలహా ఇచ్చారు. అదీ మంచిదే, కదలకుండా ఒకేచోట ఉండే పెట్టె అయితే. మేము దాన్ని ఇల్లిల్లూ తిప్పుతాం. నడవలేని నేతగాళ్ళ మగ్గం దగ్గరికే తీసుకెళ్ళి గ్రాఫు చూపిస్తాం. అంచేత బ్యాటరీయే కావాలి.

అయ్యా, ఇక్కడ మొదటి సంగతి. బ్యాటరీ కొనేముందు జబ్బు బ్యాటరీదేనా అని తేల్చుకోవాలి. కొన్నిసార్లు పోయేది ఛార్జరు. మేము బ్యాటరీ ఊడదీసి ఒట్టి ఛార్జరు మీద నడిపి చూశాం. చక్కగా నడిచింది. అంటే ఛార్జరు బాగుంది. తర్వాత సూరత్ కుర్రాడికి ఫోన్ చేస్తే వాడు చెప్పాడు, మా లెక్కలు రాసే అమ్మాయి చేసింది. విండోస్ 8, ఆ తర్వాత వచ్చిన వాటిలో ఒక ఏర్పాటు ఉంది. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఏటవాలు గీత పెట్టి, దానికి ఆనించి బ్యాటరీరిపోర్ట్ అని కొట్టాలి. బ్యాటరీ జాతకం మొత్తం ఒక ఫైలుగా వస్తాది. పైసా ఖర్చు లేదు.

ఆ జాతకంలో రెండు అంకెలు చూడాలి. బ్యాటరీ పుట్టినప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతుంది. మాది పుట్టినప్పుడు 48,840. ఇప్పుడు 6,900. అంటే ఏడో వంతు. ఏడు బిందెలు పట్టే తొట్టిలో ఒక్క బిందె పడుతుందన్నమాట. అదీ బరువు పడగానే కూలిపోతుంది. అందుకే కరెంటు పోయిన క్షణంలో ఆరిపోతుంది. ఇలాంటి లిథియం బ్యాటరీ సుమారు 300 నుంచి 500 సార్లు నిండా ఎక్కించి దించేసరికి బాగా నీరసపడిపోతాది. వాడకపోయినా ఏళ్ళ మీద ముసలిదవుతాది. వేడి తగిలితే ఇంకా ముందు. మా ఆఫీసు రేకుల షెడ్డు. ఇన్నాళ్ళు రావడమే ఎక్కువ.

రెండో సంగతి, ఏది కొనాలి. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అని సామెత. ఫోన్లో వెతికితే బ్యాటరీలు వందలు కనబడ్డాయి. అన్నిటి కిందా మీ ల్యాప్‌టాపుకి సరిపోతాదనే రాసుంది. లెక్కలు రాసే అమ్మాయి, "మావయ్యా, ఇందులో మనదేదో ఎలా తెలుస్తాది?" అని అడిగింది. అప్పుడు మేమన్నాం, "అమ్మా, నూలు ఎలా కొంటాం? అమ్మేవాడి మాట మీద కొంటామా, కట్ట మీద నంబరు చూసి కొంటామా?"

మనకి నూలు నంబరు చదవడం ఉగ్గుపాలతో వచ్చింది. 840 గజాల చిలపలు పౌనుకి ఎన్ని తూగితే అన్ని నంబరు. 80 నంబరు అడిగితే 60 నంబరు అంటగట్టలేరు మనకి. వేలి మీద నలిపి చెప్పేస్తాం. బ్యాటరీ కూడా అంతే. దాని మీదా నంబర్లు ఉంటాయి. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు అందరికీ వచ్చు కదా. ల్యాప్‌టాపు తిరగేసి, రెండు గొళ్ళేలు జరిపితే బ్యాటరీ ఊడి వచ్చింది. దాని పొట్ట మీద చీటీ ఉంది. అందులో నాలుగు చూడాలి.

ఒకటి, పార్ట్ నంబరు. ల్యాప్‌టాపు మూత మీద ఉండేది ఇంటిపేరు. బ్యాటరీ చీటీ మీద ఉండేది అసలు పేరు. ఒకే మోడల్ ల్యాప్‌టాపుకి రెండు మూడు రకాల బ్యాటరీలు వచ్చి ఉండొచ్చు. అంచేత దుకాణంలో ల్యాప్‌టాపు పేరు చెప్పి అడగొద్దు, బ్యాటరీ చీటీని ఫోటో తీసి చూపించండి. ఈమధ్య వచ్చే ల్యాప్‌టాపుల్లో బ్యాటరీ లోపలే మరలు బిగించి ఉంటాది. అలాంటిది మీరు విప్పొద్దు. ఇందాక చెప్పిన జాతకం ఫైల్లో బ్యాటరీ పేరు వస్తాది, చాలావాటికి అదే ఆనవాలు.

రెండు, వోల్టులు. ఇది పన్నె లాంటిది, తేడా రాకూడదు. మాది 11.1 వోల్టులు. కొన్నిటి మీద 10.8 అని ఉంటాది. ఆ రెండూ ఒకే జాతి. లోపల మూడేసి సెల్స్ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, ఒక్కో సెల్‌ని ఒకరు 3.6 అని లెక్కేస్తారు, ఒకరు 3.7 అని. అదే 14.4, 14.8 అని ఉంటే అది వేరే జాతి, నాలుగు సెల్స్ వరస. 11.1 ఉన్నచోట 14.8 పెట్టకూడదు. గొళ్ళెం పట్టినా పెట్టకూడదు.

మూడు, ఎంత పడుతుంది అన్నది. మిల్లీ ఆంపియర్ అవర్లు అంటారు, ఎం.ఏ.హెచ్. అని చీటీ మీద ఉంటాది. ఇది పడుగు పొడుగు లాంటిది. పొడుగు పడుగు చుడితే ఎక్కువ చీరలు దిగుతాయి గానీ మగ్గానికి నష్టం లేదు. మాది 4,400. దాన్ని వెయ్యితో భాగిస్తే 4.4, దాన్ని 11.1తో గుణిస్తే 48.84 వాట్ అవర్లు. జాతకంలో వచ్చిన 48,840 ఇదే. మన ల్యాప్‌టాపు గంటకి పద్దెనిమిది వాట్ అవర్లు తాగుతాదనుకుంటే రెండున్నర గంటలు దాటి వస్తాది. 5,200 ఉన్నది పెట్టినా పనిచేస్తాది, ఇంకాస్త ఎక్కువసేపు వస్తాది. కానీ మామూలు ఆరు సెల్స్ బ్యాటరీ మీద 8,000, 10,000 అని రాసుంటే దండం పెట్టి వచ్చేయండి. ఆ సెల్ చిటికెనవేలంత పొడుగు గొట్టం. ఎంత మంచిదైనా ఒక్కోదాంట్లో ఇంచుమించు 3,500 పడుతుంది. మూడేసి చొప్పున రెండు వరసలు, అంటే రెండు రెట్లు. 7,000 దాటి ఎక్కణ్ణుంచి వస్తాది?

నాలుగు, తయారైన తేదీ. ఇది చాలామంది చూడరు. పెట్టె విప్పకుండా గోదాములో నాలుగేళ్ళు కూర్చున్న బ్యాటరీ కొత్తది కాదు. పట్టు చీరని మడత విప్పకుండా ఏళ్ళ తరబడి దాస్తే మడత దగ్గర విరుగుతాది కదా, అలాగే. పాత ల్యాప్‌టాపులకి ఇదే పెద్ద చిక్కు. కంపెనీ ఆ మోడల్ మానేసి చాలా ఏళ్ళయింది, అసలు కంపెనీ సరుకు దొరికినా అది మన ల్యాప్‌టాపుతో పుట్టిందే అయ్యుంటాది. అంచేత తేదీ లేని కంపెనీ పేరు కంటే, ఏడాది లోపు తయారై నిలదీస్తే జవాబు చెప్పేవాడు ఉన్న వేరే కంపెనీ బ్యాటరీయే మేలని మేము తేల్చుకున్నాం.

ఇంకో గుర్తు కూడా ఉంది. మన దేశంలో అమ్మే ఇలాంటి బ్యాటరీల మీద బి.ఐ.ఎస్. గుర్తు ఉండాలి. ఐ.ఎస్. 16046 అని, ఆర్ అక్షరంతో మొదలయ్యే 8 అంకెల నంబరు అని ఉంటాది. బి.ఐ.ఎస్. కేర్ అని ఫోన్ యాప్ ఉంది. అందులో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీద ఉందో చూపిస్తాది. చేనేత మార్కు చూసి చీర కొనమని మనం జనానికి చెప్తాం కదా. మనం కొనేటప్పుడు మనమూ గుర్తు చూడాలి.

ఇప్పుడు వెతుకులాట సంగతి. మా ఊళ్ళో ఒక దుకాణంలో అడిగితే లోపలికెళ్ళి ఒక బ్యాటరీ తెచ్చాడు. 1,400 రూపాయలు, అచ్చం ఒరిజినల్ అన్నాడు. కంపెనీ పేరు మెరుస్తోంది. 5,200 అని రాసుంది. బి.ఐ.ఎస్. నంబరు లేదు, తేదీ లేదు. బిల్లు అడిగితే, "బాబూ, బిల్లుకి వేరే రేటు" అన్నాడు. మా కమిటీలో ఒక పెద్దాయన ఉన్నాడు, యాభై ఏళ్ళు పట్టు తూచిన చెయ్యి. ఆయన ఒక చేతిలో మా పాత బ్యాటరీ, ఇంకో చేతిలో కొత్తది పట్టుకుని ఒక్క నిమిషం నిలబడ్డాడు. ఏమీ అనలేదు. దుకాణదారుణ్ణి అడిగి, రెండూ పట్టుకుని రెండిళ్ళ అవతలున్న కంసాలి కొట్టుకి తీసుకెళ్ళి తూచాం. పాతది 322 గ్రాములు. కొత్తది 214 గ్రాములు.

అయ్యా, ఇది గుర్తుపెట్టుకోండి. బ్యాటరీ ముసలిదైనా బరువు తగ్గదు. ఛార్జి ఉన్నా లేకపోయినా తూకం ఒక్కటే. ఆ గొట్టం సెల్ ఒక్కోటి సుమారు 45 గ్రాములు తూగుతాది. ఆరు సెల్స్ అంటేనే 270. పైన డొక్కు, లోపల సర్క్యూటు వేరే. ఆరు సెల్స్ పెట్టామని చెప్పి 214 గ్రాములు తూగితే లోపల సెల్స్ తక్కువైనా ఉండాలి, నాసివైనా ఉండాలి. తక్కువ బరువుతో పాతదానికంటే ఎక్కువ పడుతుందని చీటీ మీద ఎలా రాసుకుంటాడు? నూలు కట్టలో తూకం తక్కువైతే మనం తీసుకుంటామా? మారుమాట లేకుండా వెనక్కి ఇచ్చేసి వచ్చేశాం. ఒకే జాతి, ఒకే లెక్క సెల్స్ ఉన్న వాటినే ఇలా పోల్చాలి, అది మర్చిపోకండి.

ఇంకొకరు పాత డొక్కు విప్పి లోపల కొత్త సెల్స్ అతుకుతామన్నారు, తక్కువలో అవుతాదన్నారు. అది తెలిసిన చేతులతో జరిగితే జరగొచ్చు. కానీ అందులో సెల్స్ అన్నీ ఒకే తీరుగా ఉండాలి, అతుకు సరిగ్గా పడాలి, లోపలి సర్క్యూటు కొత్త సెల్స్‌ని ఒప్పుకోవాలి. ఒకటి తప్పితే వేడెక్కి అంటుకుంటాది. మన ఆఫీసంటే ఏటి? ఒక గది నిండా పట్టు, నూలు. ఆ పందెం మనకొద్దనుకున్నాం.

ఆఖరికి ఇద్దరం పాత బ్యాటరీ సంచిలో వేసుకుని విశాఖపట్నం రైలెక్కాం. డాబాగార్డెన్స్‌లో కంప్యూటర్ల దుకాణాలు వరసగా ఉంటాయి. మొదటి దుకాణంలో లేదన్నారు. రెండో దాంట్లో తేదీ మూడేళ్ళ కిందటిది. మూడో దుకాణంలో ఉన్న కుర్రాడు మా ఫోటో అడగలేదు, బ్యాటరీ చేతికి తీసుకుని చీటీ చదివాడు. అప్పుడే మాకు నమ్మకం కుదిరింది. 4,400 పట్టేది, ఏడు నెలల కిందట తయారైనది, బి.ఐ.ఎస్. నంబరు యాప్‌లో తేలింది. 2,650 రూపాయలు, జీఎస్టీ బిల్లు, ఏడాది గ్యారంటీ. బిల్లు మీద బ్యాటరీ సీరియల్ నంబరు వేయించాం. రేపు గ్యారంటీ అడిగితే ఇది మేమిచ్చింది కాదు అనకుండా. తూచమంటే అతను నవ్వి, పక్క కొట్టు నుంచి తూకం మిషను తెచ్చాడు. 318 గ్రాములు. ల్యాప్‌టాపులో పెట్టించి అక్కడే జాతకం తీయించాం. 48,840కి 48,200. ఇంటికొచ్చాక కరెంటు తీసేసి, ఆరిపోయేదాకా పని చేసి చూశాం. రెండు గంటల నలభై నిమిషాలు వచ్చింది. ఇలాంటి పరీక్ష కొన్న వారంలోనే చేసుకోవాలి, వెనక్కిచ్చే గడువు దాటకముందే.

ఇంకో మాట, ఇది ముఖ్యంగా ఆడపడుచులకి. మన ఇళ్ళలో ఫోను గానీ ల్యాప్‌టాపు గానీ పట్టు మూటల మీద, నూలు బుట్టల్లో, పరుపు మీద పెట్టి ఛార్జింగు పెడుతున్నాం. వద్దమ్మా. అడుగు నుంచి వేడి పోవాలి. చెక్క బల్ల మీదో, గచ్చు మీదో పెట్టండి. బ్యాటరీ పొట్ట ఉబ్బినట్టుంటే, గొళ్ళెం పట్టకపోతే, ల్యాప్‌టాపు మూత సరిగ్గా పడకపోతే, ఆ క్షణం నుంచి దానికి ఛార్జింగు పెట్టొద్దు. నొక్కి సరిచేయాలని, సూదితో గాలి తీయాలని చూడొద్దు. అంటుకుంటుంది. వాడని ల్యాప్‌టాపుని బీరువాలో పెట్టేటప్పుడు నిండాగానీ ఖాళీగా గానీ పెట్టొద్దు, సగం ఛార్జితో పెట్టి రెండు మూడు నెలలకోసారి చూసుకోండి. కొన్ని ల్యాప్‌టాపుల్లో 80 శాతం దగ్గర ఛార్జి ఆగే ఏర్పాటు ఉంటాది. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే పెట్టె అయితే అది వాడుకోండి.

పాత బ్యాటరీ చెత్తలో వేయొద్దు. 2022లో బ్యాటరీ వ్యర్థాల నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం పాత బ్యాటరీ మామూలు చెత్తతో కలపకూడదు, తయారుచేసినవాళ్ళే దాన్ని వెనక్కి చేర్పించే పూచీ తీసుకోవాలి. మేము పాతదాని రాగి కొసల మీద టేపు అంటించి, కొత్తది కొన్న చోటే ఇచ్చేశాం.

ఇక అసలు మాట. ఈ కొత్త బ్యాటరీ మాకు ఏమిచ్చింది? రెండు గంటల నలభై నిమిషాలు ఇచ్చిందని కుర్రాళ్ళు అంటారు. మేము అలా అనం. అది మాకు గడువు ఇచ్చింది. ఆ ల్యాప్‌టాపు విండోస్ 8.1. దానికి కంపెనీ మరమ్మతులు పంపడం 2023 జనవరిలో ఆపేసింది. అంచేత దాంతో ఇంటర్నెట్‌కి వెళ్ళం, బ్యాంకు పనులు చేయం. బ్యాటరీ కొత్తదైనా మిగతా ఒళ్ళు పాతదే. ఇంకో మూడు నాలుగేళ్ళు నడిస్తే దాని పుణ్యం. ఆలోగా అందులో ఉన్నది బయటికి తీయాలి.

అంచేత ఠాకురాణి యాత్ర బేరాల హడావిడి తగ్గగానే పని మొదలుపెట్టాం. 47 అంచుల్నీ ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునే మామూలు బొమ్మ ఫైళ్ళుగా మార్చాం. రెండు హార్డు డిస్కుల్లో ఎక్కించాం. ఒకటి అధ్యక్షుల ఇంట్లో, ఒకటి వేరే పేటలో ఇంకో సభ్యుడి ఇంట్లో. ఒకే కప్పు కింద రెండూ పెట్టలేదు. ఫైలిన్ ఒకే రాత్రి అన్ని రేకులూ లేపింది కదా. మూడో కాపీ మళ్ళీ కాగితం మీద. పెద్ద గ్రాఫు షీట్ల మీద అచ్చు వేయించి, ప్లాస్టిక్ పొరల్లో పెట్టాం. కాగితానికి బ్యాటరీ అక్కర్లేదు. కూలి పద్దు ప్రతి శనివారం అచ్చు తీసి నేతగాళ్ళ చేత సంతకాలు పెట్టిస్తున్నాం. ఆ పెద్దమ్మ ఇప్పుడు తన లెక్క తనే చూసుకుని వేలిముద్ర వేస్తోంది.

ఇక్కడికి వచ్చిన సంఘాలకి మా విన్నపం రెండు మాటలు. మీ ఆఫీసు బీరువాల్లో ఎప్పుడో కొన్నవి, ఎవరో ఇచ్చినవి, ఆరిపోయి పడున్న ల్యాప్‌టాపులు ఉన్నాయని మాకు తెలుసు. వాటిలో మీ తాతల డిజైన్లు ఉండొచ్చు, పాత సభ్యుల వాటాల లెక్కలు ఉండొచ్చు. పారేయకముందు ఒక్కసారి తిరగేసి చీటీ చదవండి. ముందు ఛార్జరు చూడండి, తర్వాత బ్యాటరీ చూడండి, ఉబ్బిందేమో చూడండి. లోపలున్నది బయటికి తీశాక ఏం చేసినా మీ ఇష్టం.

రెండోది సమాఖ్యకి. ఏ సంఘం దగ్గర ఏ పార్ట్ నంబరు బ్యాటరీ ఉంది, ఎక్కడ కొన్నారు, ఎంతకి కొన్నారు, ఎంత తూగింది, ఎన్నాళ్ళు వచ్చింది అన్నది ఒక జాబితా రాసి ఉంచితే బాగుంటుంది. షోలాపూర్‌లో దొరకనిది సేలంలో దొరకొచ్చు. మనవాళ్ళు నాలుగు రాష్ట్రాల్లో ఉన్నారు, యానాంలో ఉన్నారు. పెళ్ళి సంబంధాలకి ఇంత దూరం కబురు పెట్టుకుంటాం, బ్యాటరీకి పెట్టుకోలేమా? మా సంఘం వివరాలు రాసిన కాగితం ఇవాళే కార్యదర్శి గారికి ఇస్తున్నాం. అది మొదటి వరస అనుకోండి.

చదువు తక్కువని మనం ఇలాంటి వస్తువుల ముందు చేతులు కట్టుకుని నిలబడుతున్నాం. నిలబడక్కర్లేదు. నంబరు చదవడం, తూకం చూడడం, తేదీ అడగడం, బిల్లు తీసుకోవడం, ఈ నాలుగూ మనకి ఎప్పట్నుంచో వచ్చు. ఇన్నాళ్ళూ నూలు దగ్గర వాడాం, ఇప్పుడు దీని దగ్గరా వాడదాం.